సీసాలో నిలిచిన పంట

పాఠ్యభాగ ఉద్దేశం

ఆహారాన్ని నిల్వ చేయడం వెనుక ఉన్న చరిత్రను, శాస్త్రాన్ని తెలియజేస్తూ, ఇంట్లో టమాటా బార్బెక్యూ సాస్ తయారుచేసే విధానాన్ని వివరించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

2023 జులైలో మన దేశంలో కిలో టమాటా ధర వంద రూపాయలు దాటింది. ఎన్నో ఇళ్లలో చారుకు చింతపండే దిక్కయింది. రెండు నెలలకే, సెప్టెంబరులో, ధర కుప్పకూలింది. కోత కూలి కూడా గిట్టక కర్నూలు ప్రాంత రైతులు కొందరు పంటను పారబోసుకున్నారు. పండు అదే, రైతూ అతడే. మారినది కాలం ఒక్కటే. బాగా పండిన టమాటా నాలుగు రోజులకు మించి ఆగదు. ఆ నాలుగు రోజులను నాలుగు వారాలుగా మార్చే ఉపాయాలలో సాస్ ఒకటి.

టమాటా పుట్టిల్లు దక్షిణ అమెరికా పడమటి ప్రాంతం. దాని పేరు మెక్సికోలోని నాహువాట్ల్ భాషాపదమైన ‘టొమాట్ల్’ నుండి వచ్చింది. ఐరోపా వర్తకుల ద్వారా మన దేశానికి చేరిన ఈ పండును మన పెద్దలు కొందరు ‘రామములగ’ అని పిలుచుకున్నారు.

‘బార్బెక్యూ’ అనే మాటకు మూలం కరీబియన్ దీవుల తైనో ప్రజల భాషలో ఉన్నదని పండితుల అభిప్రాయం. నిప్పులకు ఎత్తుగా కట్టిన కర్రల మంచెకు అది పేరు. అమెరికాలో ఈ వంటకు ప్రాంతానికొక సాస్ ఏర్పడింది. ఉత్తర కరోలినా తూర్పు ప్రాంతంలో వెనిగర్, మిరపకారం ప్రధానం. దక్షిణ కరోలినాలో ఆవపిండి ప్రసిద్ధం. కాన్సాస్ సిటీలో టమాటా, మొలాసిస్ అనే చెరకు మడ్డి కలిసిన చిక్కని సాస్ పేరుపొందింది. ఆ నగరంలో 1908 నాటికే హెన్రీ పెర్రీ అనే ఆఫ్రికన్ అమెరికన్ పొగపై కాల్చిన మాంసాన్ని వార్తాపత్రికల కాగితంలో చుట్టి అమ్మేవాడు. ఆయన సాస్ బహు ఘాటు. తరువాతివారి చేతిలో అది క్రమంగా తీపెక్కింది.

టమాటా సాస్ నిల్వకు ఒక వివాదచరిత్ర కూడా ఉన్నది. అమెరికాలో పంతొమ్మిదవ శతాబ్ది చివర తయారీదారులు చాలామంది టమాటా కెచప్‌లో సోడియం బెంజోయేట్ కలిపేవారు. అది లేనిదే సరకు నిలవదని వారి వాదం. ప్రభుత్వ రసాయన శాస్త్రవేత్త హార్వే వైలీ దానిని వ్యతిరేకించాడు. బాగా పండిన కాయలు తీసుకొని, వెనిగర్, చక్కెర పాళ్లు పెంచితే బెంజోయేట్ అవసరం లేదని హైంజ్ సంస్థ 1906 నాటికి నిరూపించింది. పరిమిత మోతాదులో బెంజోయేట్‌ను చట్టాలు నేటికీ అనుమతిస్తున్నాయి. అయితే ఇంటి వంటకు దాని అవసరమే లేదు.

ఇక తయారీ చూద్దాం. రెండు కిలోల ఎర్రని టమాటాలను మరిగే నీటిలో ఒక నిమిషం ఉంచి చన్నీటిలో వేస్తే తొక్క సులువుగా ఊడివస్తుంది. అడుగు మందమైన స్టీలు పాత్రలో రెండు చెంచాల నూనె వేసి, తరిగిన రెండు ఉల్లిపాయలు, ఆరు వెల్లుల్లి రెబ్బలు వేయించాలి. అందులో టమాటా ముక్కలు వేసి మెత్తగా ఉడికించి, చల్లార్చి, రుబ్బి, జల్లెడ పట్టాలి. ఆ గుజ్జును సగమయ్యేదాకా సన్నని సెగపై మరిగించాలి. అప్పుడు 150 గ్రాముల బెల్లం, 150 మిల్లీలీటర్ల వెనిగర్, రెండు చెంచాల ఉప్పు, రెండు చెంచాల కారం, చెంచా చొప్పున మిరియాల పొడి, ఆవపిండి కలిపి, కలియబెడుతూ చిక్కబరచాలి. పళ్లెంలో ఒక చుక్క వేసి చూస్తే చుట్టూ నీరు ఊరకూడదు. అదే పాకం కుదిరినట్లు గుర్తు.

ఇందులో ప్రతి పనికీ ఒక కారణం ఉన్నది. మరిగించడం వల్ల నీరు ఆవిరై, సూక్ష్మజీవుల ఎదుగుదలకు ఆధారం తగ్గుతుంది. బెల్లం, ఉప్పు మిగిలిన నీటిని పట్టి ఉంచుతాయి. ఆమ్లగుణాన్ని తెలిపే పీహెచ్ విలువ 4.6 లేదా అంతకంటే తక్కువగా ఉంటే బొట్యులిజమ్‌కు కారణమైన బాక్టీరియా పెరగలేదు. టమాటా పీహెచ్ ఆ హద్దుకు అటూ ఇటూగా ఉంటుంది. కాబట్టి రుచి కోసమని వెనిగర్ తగ్గించరాదు. పులుపు లోహాన్ని కరిగిస్తుంది కనుక అల్యూమినియం పాత్ర పనికిరాదు. పది నిమిషాలు నీటిలో మరిగించిన గాజుసీసాలో సాస్ నింపి, ఫ్రిజ్‌లో ఉంచి, నాలుగు వారాలలోపు వాడుకోవాలి. నిప్పులపై కాల్చే పదార్థానికి దీనిని చివరి పది నిమిషాలలోనే పూయాలి. ముందే పూస్తే బెల్లం మాడి చేదెక్కుతుంది.

ఒక ఇంటి సీసా రైతు నష్టాన్ని తీర్చజాలదు. అందుకు శీతల గిడ్డంగులు, పండే చోటికి చేరువలో గుజ్జు పరిశ్రమలు కావాలి. అయినా చేసి చూసినవానికి ఒక విషయం బోధపడుతుంది. రెండు కిలోల పండు ఒకటి రెండు సీసాలలో ఒదిగింది. పారబోసిన పంటకూ నిలిచిన పంటకూ మధ్య ఉన్నది కొంత నిప్పు, కొంత పులుపు, కొంత ఓర్పు. వాటిని సకాలంలో పొలం దరికి చేర్చడం చదువుకున్నవారి బాధ్యత.

కఠిన పదాలు – అర్థాలు

గిట్టు = లాభించు, ఖర్చుకు సరిపడు
మంచె = ఎత్తుగా కట్టిన వేదిక
ఘాటు = తీక్ష్ణమైన కారపు రుచి లేదా వాసన
బోధపడు = అర్థమగు

అభ్యాసం

1. బెంజోయేట్ లేకుండా కెచప్‌ను నిల్వ చేయడం ఎట్లా సాధ్యమైంది?
2. సాస్‌లో వెనిగర్ పాలు తగ్గించరాదనడానికి కారణమేమి?
3. మీ ప్రాంతంలో వృథా అవుతున్న పంట ఒకదానిని గూర్చి, దానిని నిల్వచేసే మార్గాలను గూర్చి వ్యాసం రాయండి.