పలచని గాజుతో గడిపినవాడి మాటలు

కిటికీ అద్దాల పనితో మొదలై, బడి గోడలకు బిగించే పెద్ద టచ్‌ప్యానెళ్ల ముందు గాజు దాకా నా ఉద్యోగమంతా గాజుతోనే సాగింది. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లల కోసం, ప్యానెళ్లు కొనే బడులవాళ్ల కోసం ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

1. మందంగా ఉంది కదా, మంచిదే అనుకోకండి.

చదరపు మీటరు గాజు ఒక్కో మిల్లీమీటరు మందానికి దాదాపు రెండున్నర కిలోలు తూగుతుంది. 75 అంగుళాల ప్యానెల్ ముఖం సుమారు 1.55 చదరపు మీటర్లు. 4 మి.మీ. గాజు వేస్తే పదిహేను కిలోల పైమాట. 1.1 మి.మీ. గాజయితే నాలుగు కిలోల చిల్లర. గోడ మోసే బరువూ, మోసే మనుషుల నడుములూ ఈ లెక్క మీదే ఆధారపడతాయి. ఇంకో సంగతి: వేలు తగిలేది గాజు పైన, బొమ్మ ఉండేది గాజు వెనక. ఆ ఎడం పెరిగేకొద్దీ, పక్క బెంచీ నుంచి చూసే పిల్లకు పెన్ను ములికి ఒకచోట, గీత ఇంకోచోట కనిపిస్తాయి. జామెట్రీ చెప్పే టీచరుకు ఇది చిన్న ఇబ్బంది కాదు.

2. పలచని గాజుకు కొలిమి చాలదు, ఉప్పు కావాలి.

మామూలు టఫెన్డ్ గ్లాసును 600 డిగ్రీలు దాటించి కాల్చి, ఒక్కసారిగా గాలి కొట్టి చల్లారుస్తారు. పైభాగం ముందు బిగుస్తుంది, లోపలిది తర్వాత కుంచించుకుపోతూ పైభాగాన్ని నొక్కి పట్టుకుంటుంది. లోపలికీ బయటికీ మధ్య వేడిలో తేడా ఉంటేనే ఈ విద్య పారుతుంది. పలచని గాజులో ఆ తేడా నిలవదు. అందుకే దాన్ని దాదాపు 400 డిగ్రీల వేడిలో కరిగించిన పొటాషియం నైట్రేట్ ఉప్పులో గంటల తరబడి ముంచి ఉంచుతారు. గాజు పైపొరలోని సోడియం అయాన్లు బయటికి పోతాయి, వాటికన్నా పెద్దవైన పొటాషియం అయాన్లు ఆ జాగాల్లోకి దూరతాయి. ముగ్గురి సీట్లో నలుగురు ఇరుక్కుని కూర్చున్న పల్లెవెలుగు బస్సులా తయారవుతుంది పైపొర. పగులు నోరు తెరవాలంటే ముందు ఆ ఒత్తిడిని గెలవాలి.

అమెరికాలో కార్నింగ్ కంపెనీ 1960ల్లోనే ఇలాంటి గాజును కెమ్‌కోర్ పేరుతో అమ్మి, గిరాకీ లేక పక్కన పెట్టింది. 2007లో ఐఫోన్ వచ్చాకే ఆ విద్యకు మళ్లీ రోజులొచ్చాయి. మంచి పనికి కాలం కలిసి రావడానికి ఒక్కోసారి అంత ఆలస్యమవుతుంది.

3. ఆ బలమంతా పైపొరలోనే ఉంది.

ఒత్తిడి పొర లోతు పదుల మైక్రాన్లే, వెంట్రుక మందమంత కూడా ఉండకపోవచ్చు. దాన్ని దాటి గాటు పడితే ఉప్పులో ముంచిన ఫలితం ఆ చోట పోయినట్టే. ఇసుక రేణువు గాజుకన్నా గట్టిది. దుమ్ము పట్టిన డస్టరుతో ప్యానెల్‌ను రుద్దడమంటే ఇసుకతో రుద్దడమే. ముందు మెత్తటి పొడిబట్టతో దుమ్ము దులపాలి, ఆ తర్వాతే తడిబట్ట.

4. అంచును చూడకుండా గాజును ఒప్పుకోవద్దు.

అందరూ గాజు ముఖమే చూస్తారు. నేను అంచు చూస్తాను. కోసిన అంచును భూతద్దం కింద పెడితే గోరుతో గిల్లినట్టు చిన్న చిన్న పెచ్చులు కనిపిస్తాయి. వంగినప్పుడు పగులు మొదలయ్యేది ఎక్కువగా అక్కడే. గాజు ఎంత పెద్దదైతే అంచు అంత పొడుగు, లోపం దాక్కునే చోట్లూ అంత ఎక్కువ. అందుకే ముందు కోయాలి, అంచు సానబట్టి మొన విరవాలి, నునుపు చేయాలి, ఆ తర్వాతే ఉప్పులో ముంచాలి. ఈ వరస తప్పకూడదు. సైటుకు వచ్చాక అర అంగుళం తగ్గించమని అడిగే కాంట్రాక్టర్లను చూశాను. టఫెన్డ్ గాజయితే కోస్తుండగానే రవ్వలవుతుంది. ఉప్పుతో గట్టిపడిన గాజును కోయగలిగినా, కొత్త అంచుకు ఆ కవచం ఉండదు. మొహమాటపడకుండా కుదరదని చెప్పండి.

5. గాజుకు రెండు ముఖాలు.

ఫ్లోట్ గాజు కరిగిన తగరం మీద తేలుతూ తయారవుతుంది. ఒక ముఖం తగరాన్ని, రెండోది గాలిని చూస్తాయి. కంటికి రెండూ ఒకటే. చీకటి గదిలో అతినీల లోహిత దీపం వేస్తే తగరం వైపు పాలలా మసకగా వెలుగుతుంది. ఆ వైపు అయాన్లు వేరే తీరున మారతాయి కనుక పలచని పెద్ద రేకు ఉప్పులోంచి కాస్త వంకరగా బయటికొస్తుంది. చిన్న ఫోనులో తెలియని వంపు, 65 అంగుళాల దాంట్లో కనిపిస్తుంది, అతికించేటప్పుడు గాలి బుడగలూ మిగులుస్తుంది. ఫ్యూజన్ పద్ధతిలో కరిగిన గాజు తొట్టికి రెండు వైపులా పొర్లి, కింద కలిసి ఒకటవుతుంది. బయటి ముఖాలకు గాలి తప్ప ఏదీ తగలదు. ధర ఎక్కువే, ఆ ధరకు కారణం ఉంది.

6. పగిలితే ఏమవుతుందో ముందే అడగండి.

మామూలు టఫెన్డ్ గాజు మొద్దు ముక్కలవుతుంది. ఉప్పుతో గట్టిపడింది పగిలితే పదునైన పెంకులూ రావచ్చు. పిల్లలుండే గదిలో ముక్కలు రాలకుండా పట్టి ఉంచే ఫిల్మో, లామినేషనో ఉండి తీరాలి.

హెడ్‌మాస్టర్లకూ, కొనుగోలు కమిటీల్లో ఉన్నవాళ్లకూ నా విన్నపం ఇదే. తెర ఎన్ని అంగుళాలని మాత్రమే అడగకండి. ముందున్న గాజు మందమెంత, గట్టిపరచిన పద్ధతేమిటి, పగిలితే ముక్కలు రాలతాయా లేదా అన్నవి కొటేషన్‌లోనే రాయించుకోండి. రాసివ్వనివాళ్ల దగ్గర కొనకండి.