బరువు దుప్పటి కప్పుకుంటే నిద్ర పడుతుందా?

చలికాలం రాత్రి అమ్మమ్మ కుట్టిన పాత చీరల బొంత కప్పుకొని ఎప్పుడైనా పడుకున్నారా? దానికీ పలుచటి దుప్పటికీ ఉన్న తేడా వెచ్చదనం ఒక్కటే కాదు. ఒంటి మీద ఆ బరువు కూడా హాయిగా ఉంటుంది. ఈ హాయి కోసమే ప్రత్యేకంగా తయారుచేసేవి బరువు దుప్పట్లు. వీటిలో చిన్న చిన్న అరలు కుట్టి సన్నని గాజుపూసలో, ప్లాస్టిక్ గుళికలో నింపుతారు. కొన్నింటిలో లోహపు గొలుసులు ఉంటాయి.

దుప్పటి మనల్ని ఎంత ఒత్తుతుంది?

చిన్న లెక్క చేద్దాం. ఒక దుప్పటి ద్రవ్యరాశి 4 కిలోలు, వైశాల్యం 2 చదరపు మీటర్లు అనుకోండి. దాని భారం 4 × 9.8 = 39.2 న్యూటన్లు. బలాన్ని వైశాల్యంతో భాగిస్తే పీడనం వస్తుందని మీరు చదువుకున్నారు. 39.2 ÷ 2 = 19.6, అంటే సుమారు 20 పాస్కల్‌లు. సముద్రమట్టం వద్ద గాలి పీడనం 1,01,325 పాస్కల్‌లు. అంటే దుప్పటి కంటే గాలే 5,000 రెట్లు ఎక్కువగా ఒత్తుతోందన్న మాట!

మరి గాలి ఒత్తిడి మనకు తెలియదేం? గాలి అన్ని వైపుల నుండి సమానంగా ఒత్తుతుంది. శరీరం లోపలి పీడనం దానికి సరిసమానంగా ఎదురు నిలుస్తుంది. దుప్పటి మాత్రం పైనుండే ఒత్తుతుంది. అందువల్ల చర్మం కాస్త నొక్కుకుంటుంది. చర్మంలోని స్పర్శ గ్రాహకాలు దీన్ని పసిగట్టి నాడుల ద్వారా మెదడుకు కబురు పంపుతాయి. గుండె వేగాన్ని పెంచే నాడులు కొన్ని, తగ్గించే నాడులు కొన్ని మనలో ఉన్నాయి. నిలకడైన ఒత్తిడి ఈ రెండో రకం నాడులకు తోడ్పడుతుందని శాస్త్రజ్ఞుల ఊహ.

పశువుల బోను నేర్పిన పాఠం

1960వ దశకంలో అమెరికాలో టెంపుల్ గ్రాండిన్ అనే విద్యార్థిని ఉండేది. ఆమెకు ఆటిజం ఉంది. ఎవరైనా కౌగిలించుకుంటే భరించలేకపోయేది. కాని ఒత్తిడి వల్ల కలిగే హాయి మాత్రం కావాలనిపించేది. అరిజోనాలో పిన్నిగారి పశువుల క్షేత్రంలో, టీకాలు వేసేటప్పుడు పశువులను రెండు పలకల మధ్య పట్టి ఉంచడం చూసింది. కొన్ని పశువులు ఆ ఒత్తిడికి నెమ్మదించాయి. వెంటనే తన కోసం అలాంటి యంత్రాన్నే చేసుకుంది. ఎంత ఒత్తాలో నిర్ణయించే మీట ఆమె చేతిలోనే ఉండేది. ఈ సంగతి గుర్తుంచుకోండి. తరువాతి కాలంలో ఆమె పశు విజ్ఞాన శాస్త్రంలో ఆచార్యురాలైంది.

హాయి వేరు, నిద్ర వేరు

"హాయిగా ఉంది" అన్నంత మాత్రాన "నిద్ర పెరిగింది" అని చెప్పగలమా? పరీక్షించి చూడాలి. 2014లో బ్రిటన్ పరిశోధకులు ఆటిజం ఉన్న 67 మంది పిల్లల ఫలితాలను ప్రకటించారు. ప్రతి బిడ్డా సుమారు రెండు వారాలు బరువు దుప్పటి, మరో రెండు వారాలు మామూలు దుప్పటి కప్పుకుంది. నిద్రను పరికరంతో కొలిచారు. నిద్ర పెరగలేదు! అయినా పిల్లలు, తల్లిదండ్రులు బరువు దుప్పటినే మెచ్చుకున్నారు.

2020లో స్వీడన్ పరిశోధకులు నిద్ర పట్టని 120 మంది పెద్దవాళ్లను పరీక్షించారు. వీరంతా కుంగుబాటు, ఆందోళన వంటి మానసిక సమస్యలున్నవారు. నాలుగు వారాల తరువాత, గొలుసుల దుప్పటి వాడినవారిలో దాదాపు 60 శాతం మందికి నిద్రలేమి సగానికి సగం తగ్గింది. తేలిక దుప్పటి వాడినవారిలో 5 శాతం మందికే అలా జరిగింది.

ఎందుకీ తేడా? ఒక చోట పిల్లలు, మరో చోట పెద్దలు. ఒక చోట పరికరం కొలిచింది, మరో చోట ముఖ్యంగా వారి జవాబులనే లెక్కించారు. పైగా మీద ఉన్నది బరువు దుప్పటి అని కప్పుకున్నవారికి తెలిసిపోతుంది. "ఇది పనిచేస్తుంది" అన్న నమ్మకమే కొంత మేలు చేసి ఉండవచ్చు.

జాగ్రత్త!

2008లో కెనడాలో బరువు దుప్పటిలో చుట్టి ఉంచిన ఒక బాలుడు ఊపిరాడక చనిపోయాడు. గ్రాండిన్ చేతిలోని మీట గుర్తుందా? ఒత్తిడి మన అదుపులో ఉన్నంతసేపే హాయి. తనంతట తాను దుప్పటి తొలగించుకోలేని వారికి దాన్ని కప్పకూడదు. పసిపిల్లలకు అసలే పనికిరాదు. ముఖం మీద ఎవరికీ వేయరాదు. ఊపిరితిత్తుల జబ్బులున్నవారు ముందు డాక్టరును అడగాలి. మీ చిట్టి తమ్ముడి మీద ఆటకైనా బొంతలు గుట్టగా వేయకండి.

మీరే చేసి చూడండి: బొంత పట్టుకొని ఒకసారి, వదిలి ఒకసారి బరువు తూచుకోండి. రెంటి తేడాయే బొంత బరువు. పొడవు, వెడల్పు కొలవండి. మీ బొంత ఎన్ని పాస్కల్‌లు ఒత్తుతుందో లెక్క కట్టండి.