కూలి పెరిగింది, ముద్ద తగ్గింది – యుద్ధకాలం నేర్పిన అర్థశాస్త్ర పాఠం

సాంఘికశాస్త్రం పుస్తకంలో రెండో ప్రపంచ యుద్ధం ఒక పాఠంలో వస్తుంది. ధరల పెరుగుదల మరో పాఠంలో, చౌకధరల దుకాణం ఇంకో పాఠంలో వస్తాయి. మూడింటినీ విడివిడిగా బట్టీ పట్టి, పరీక్షలో రాసి మరిచిపోతాం. నిజానికి ఈ మూడూ ఒకే కథలోని భాగాలు. మన అవ్వాతాతల తరం ఆ కథను అనుభవించింది. దాన్ని ఒక వరుసలో చెప్పుకుంటే అర్థశాస్త్రంలో ముఖ్యమైన విషయం ఒకటి తేలిగ్గా బోధపడుతుంది.

జీవన ప్రమాణం అంటే ఏమిటి?

ఒక కుటుంబం ఏం తింటున్నది, ఏం కడుతున్నది, ఎలాంటి ఇంట్లో ఉంటున్నది, జబ్బు చేస్తే వైద్యం అందుతున్నదా, పిల్లలు బడికి పోతున్నారా – వీటన్నిటినీ కలిపి జీవన ప్రమాణం అంటాం. చేతికి వచ్చే డబ్బు అందులో ఒక భాగం మాత్రమే. డబ్బును తినలేం, కట్టుకోలేం. అది ఎన్ని సరుకులు తెచ్చిపెడుతుందన్నదే అసలు ప్రశ్న. కూలిగా అందే డబ్బును ద్రవ్య వేతనం అంటారు. ఆ డబ్బుతో కొనగలిగే సరుకులను బట్టి లెక్కించేది వాస్తవిక వేతనం. ఈ రెండూ ఎప్పుడూ కలిసి నడవవు. యుద్ధకాలంలో జరిగింది అదే.

బర్మా బియ్యం ఆగింది

1939 సెప్టెంబరులో ఐరోపాలో యుద్ధం మొదలైంది. మన నాయకులను అడగకుండానే వైస్రాయి లిన్‌లిత్‌గో భారతదేశం కూడా యుద్ధంలో ఉన్నట్లు ప్రకటించాడు. అప్పుడు మన చిత్తూరు జిల్లా మద్రాసు రాష్ట్రంలో ఉండేది. మొదటి రెండేళ్లు యుద్ధం దూరంగానే ఉంది. 1941 డిసెంబరులో జపాను యుద్ధంలోకి దిగాక అది దగ్గరికి వచ్చింది.

1942 మార్చిలో జపాను సైన్యం రంగూన్‌ను పట్టుకుంది. రంగూన్ రేవులోనూ బియ్యం మిల్లుల్లోనూ వేలాదిమంది తెలుగు కూలీలు పనిచేసేవారు. అక్కడివారు వాళ్లను ‘కోరంగీలు’ అని పిలిచేవారు. గోదావరి ముఖద్వారంలోని కోరంగి రేవు పేరే వాళ్లకు వచ్చింది. యుద్ధానికి భయపడి లక్షలాది భారతీయులు బర్మా విడిచారు. అడవులు, కొండలు దాటి కాలినడకన వస్తూ వేలమంది దారిలోనే చనిపోయారు. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద జపాను విమానాలు బాంబులు వేశాయి. అదే నెలలో మద్రాసు నగరం నుంచి లక్షలమంది లోపలి ఊళ్లకు తరలిపోయారు.

అయితే బాంబు పడని ఊళ్లకు కూడా యుద్ధం మరో దారిలో వచ్చింది. బర్మా నుంచి మన దేశానికి ఏటా పది లక్షల టన్నులకు పైగా బియ్యం వచ్చేది. అది ఒక్కసారిగా ఆగింది. కిరోసిన్‌కు కూడా బర్మా ఒక ముఖ్యమైన వనరు. దీపం నూనెకూ కరువు వచ్చింది. దేశం మొత్తం తినే బియ్యంలో బర్మా బియ్యం చిన్న భాగమే. కానీ కొరత వస్తుందని తెలియగానే వ్యాపారి దాచాడు, ఉన్నవాడు ఎక్కువగా కొన్నాడు, మిగులు ఉన్న రైతు ఇంకా ధర వస్తుందని ఆగాడు. అసలు కొరత కంటే బజారులో కొరత పెద్దదైంది.

నోట్లు పెరిగాయి, సరుకులు పెరగలేదు

మరోవైపు సైన్యానికి బట్ట, బూట్లు, తిండి, గుడారాలు మన దేశం నుంచే పెద్ద ఎత్తున కొన్నారు. అందులో బ్రిటన్ భరించాల్సిన భాగాన్ని వెంటనే సరుకుల రూపంలో చెల్లించలేదు. లండన్‌లో మన ఖాతాలో పౌండ్లుగా జమ వేశారు. వాటిని చూపి రిజర్వు బ్యాంకు ఇక్కడ రూపాయి నోట్లు అచ్చువేసింది. 1939లో సుమారు 180 కోట్ల రూపాయల నోట్లు చలామణిలో ఉండగా, 1945 నాటికి అది వెయ్యి కోట్లు దాటింది. అమ్మకానికి వచ్చే సరుకు ఆ మేరకు పెరగలేదు. ఎక్కువ నోట్లు తక్కువ సరుకుల వెంట పడితే ధరలు లేస్తాయి. దీన్నే ద్రవ్యోల్బణం అంటాం. యుద్ధం ముగిసేనాటికి టోకు ధరలు రెండు రెట్లు దాటాయి.

నాణేలు కూడా ఈ కథ చెబుతాయి. 1940లో రూపాయి నాణెంలో వెండిని సగానికి తగ్గించారు. అదే ఏడు ఒక రూపాయి నోటును మళ్లీ తెచ్చారు. 1943లో రాగిని ఆదా చేయడానికి కాణీ మధ్యలో చిల్లు పెట్టారు. అదే ‘చిల్లి కాణీ’. పాత ఇళ్లలో ఇప్పటికీ అక్కడక్కడా కనిపిస్తుంది. అప్పట్లో రూపాయికి 16 అణాలు, అణాకు 4 కాణీలు.

ఒక చిన్న లెక్క

లెక్క సులభంగా ఉండడానికి ఈ అంకెలను మేమే ఎంచుకున్నాం. ఒక కూలికి రోజుకు 4 అణాలు వస్తున్నాయి. సేరు బియ్యం 2 అణాలు. అంటే రోజు కూలితో 2 సేర్లు కొనవచ్చు. కొంతకాలానికి కూలి 6 అణాలైంది, సేరు బియ్యం 4 అణాలైంది. ఇప్పుడు వచ్చేది సేరున్నర. కూలి సగం పెరిగింది, బియ్యం పావు వంతు తగ్గింది. కాగితం మీద ఆదాయం పెరిగింది. కంచంలో ముద్ద తగ్గింది.

అదే సమయంలో మిగులు ధాన్యం ఉన్న రైతు, సరుకు దాచగలిగిన వ్యాపారి లాభపడ్డారు. ధరలు పెరిగినప్పుడు అందరూ ఒకే విధంగా నష్టపోరు. అమ్మడానికి పంట లేక, కూలి మీదే బతికేవాడు ముందుగా దెబ్బ తింటాడు.

బెంగాల్ చూపిన నిజం

దీనికి అతి ఘోరమైన ఉదాహరణ 1943 బెంగాల్ కరువు. ఆ కరువులోనూ దాని వెంట వచ్చిన రోగాలతోనూ దాదాపు 30 లక్షలమంది చనిపోయారని అంచనా. అంతకుముందు 1942 అక్టోబరులో తుపాను వచ్చి పంట దెబ్బతిన్నది. కానీ తిండిగింజలు లేకపోవడం ఒక్కటే కారణం కాదని అమర్త్యసేన్ 1981లో వెలువడిన తన పుస్తకంలో వాదించాడు. ఆయన లెక్క ప్రకారం 1943లో అందుబాటులో ఉన్న గింజలు 1941 కంటే తక్కువేమీ కాదు. ఈ లెక్కను ఒప్పుకోనివారూ ఉన్నారు. అయితే ఎక్కువగా చనిపోయింది ఎవరన్నదానిలో సందేహం లేదు. వాళ్లు భూమి లేని కూలీలు, జాలరులు, చేతివృత్తులవారు. కలకత్తా ఫ్యాక్టరీ కార్మికులకు యాజమాన్యాల ద్వారా తక్కువ ధరకు బియ్యం అందాయి గనుక వాళ్లు నిలబడ్డారు. సేన్‌కు 1998లో అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది.

రేషన్ కార్డు ఎలా వచ్చింది?

ఈ దెబ్బతో ప్రభుత్వం కళ్లు తెరిచింది. 1943లో మద్రాసుతో సహా పెద్ద నగరాల్లో రేషనింగ్ మొదలైంది. దాని సూత్రం చిన్నది: మనిషికి ఇంత అని కొలత, కొలతకు ఇంత అని ధర. యుద్ధం ముగిసినా కంట్రోలు పోలేదు. మద్రాసు రాష్ట్రంలో 1952లో ముఖ్యమంత్రి రాజాజీ దాన్ని ఎత్తివేశాడు. 1953 అక్టోబరు 1న మన జిల్లా ఆంధ్ర రాష్ట్రంలో చేరింది. 1965లో ఆహార సంస్థ (ఎఫ్.సి.ఐ.) ఏర్పడింది. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకం తెచ్చింది. 2013లో జాతీయ ఆహార భద్రతా చట్టం వచ్చింది. దాని కింద అర్హులైన సాధారణ కార్డుదారులకు మనిషికి నెలకు 5 కిలోల గింజలు హక్కుగా వచ్చాయి. 2023 జనవరి నుంచి అవి ఉచితం. మన ఇళ్లకు వచ్చే స్టోరు బియ్యం వెనుక ఇంత చరిత్ర ఉంది.

అంబేద్కర్ మనకు చెప్పింది

డాక్టర్ అంబేద్కర్ రాజ్యాంగ నిర్మాతగా అందరికీ తెలుసు. ఆయన అర్థశాస్త్రవేత్త కూడా. 1923లో లండన్‌లో వెలువడిన ‘ది ప్రాబ్లమ్ ఆఫ్ ది రూపీ’ ఆయన గ్రంథం. రూపాయి విలువను విదేశీ ద్రవ్యంతో పోల్చి స్థిరపరిస్తే చాలదని, అది ఇక్కడ ఎంత కొనగలదన్నదే ముఖ్యమని అందులో వాదించాడు. యుద్ధకాలంలో, 1942 నుంచి 1946 వరకు, ఆయనే వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో కార్మిక శాఖ చూశాడు. షెడ్యూల్డ్ కులాల విద్యార్థులకు మెట్రిక్ తర్వాతి చదువుకు కేంద్ర స్కాలర్‌షిప్పులు 1944లో, ఆ యుద్ధం నడుస్తుండగానే, మొదలయ్యాయి. ‘డబ్బు లేదు, యుద్ధం జరుగుతోంది’ అన్న మాట చదువుకు అడ్డు కాకూడదని అప్పుడే రుజువైంది.

మనకు దీనితో పనేమిటి?

ఉద్యోగులకు ధరలతో పాటు పెరిగే కరవు భత్యం ఉంది. ఆ పేరులోనే ‘కరవు’ ఉన్నది గమనించండి. కానీ స్కాలర్‌షిప్పు, మెస్ ఛార్జీలు మళ్లీ ఉత్తర్వు వచ్చేదాకా ఒకే అంకె దగ్గర ఉంటాయి. నెలకు వెయ్యి రూపాయలు ఉన్న ఛార్జీ 1,200 అయిందనుకుందాం. ఆ లోపల పప్పు, నూనె, కూరగాయల ధరలు కలిపి నూటికి 30 పెరిగితే, పాత వెయ్యి రూపాయల సరుకుకు ఇప్పుడు 1,300 కావాలి. ఛార్జీ పెరిగినట్లే కనిపిస్తుంది, కూర మాత్రం పలచబడుతుంది. కాబట్టి ఏ పెంపు గురించి విన్నా ‘ఎంత పెరిగింది?’ అని అడిగి ఆగకండి. ‘అదే కాలంలో సరుకుల ధరలు ఎంత పెరిగాయి?’ అని కూడా అడగండి. కోరికను ఆవేశంతో చెబితే మరిచిపోతారు. లెక్కతో చెబితే జవాబు ఇవ్వక తప్పదు.

చేసి చూడండి

1. ఈ నెలలో బియ్యం, కందిపప్పు, వేరుశనగ నూనె, ఎర్రగడ్డలు, గుడ్డు ధరలు ఒక నోటుబుక్కులో రాయండి. ఆరు నెలల తర్వాత మళ్లీ రాసి పోల్చండి.

2. సెలవుల్లో ఊరికి పోయినప్పుడు పెద్దవాళ్లను అడగండి: మీ చిన్నప్పుడు రోజు కూలి ఎంత? ఆ కూలితో ఎన్ని బియ్యం, ఎన్ని రాగులు వచ్చేవి? ఈనాటి కూలితో పోల్చి వాస్తవిక వేతనం పెరిగిందో తగ్గిందో తేల్చండి.

3. చెనక్కాయలు పండించి అమ్మే రైతు బియ్యం కొనుక్కుంటాడు. రెండింటి ధరలూ పెరిగితే అతనికి లాభమా, నష్టమా? చెప్పాలంటే ఏయే అంకెలు కావాలి?

ఈ మూడింటికీ జవాబులు గైడులో దొరకవు. మన ఇళ్లలో, మన సంతల్లో దొరుకుతాయి.