ఒకటో తరగతి మొదటి టర్మ్ అమ్మానాన్నలదే

రాంగోపాల్‌పేట్, సికింద్రాబాద్
మే నెలాఖరు

చిరంజీవి బుజ్జికి,

పెద్దమ్మ ఆశీస్సులు. సిద్దిపేట నుంచి ఇక్కడికి మారాక పాప చేరబోయే కాథలిక్ స్కూలు సర్క్యులర్, నువ్వు ఫోన్‌లో పంపింది, ఆసాంతం చదివాను. అది చూసి, "ఒకటో తరగతికే ఇన్ని రూల్సా!" అని నువ్వు కంగారుపడుతున్నావని అల్లుడు చెప్పాడు. ఫోన్‌లో చెబితే సగం మాటలు గాలికి పోతాయి, అందుకే ఉత్తరం రాస్తున్నా. కాథలిక్ స్కూల్లోనే ప్రైమరీ పిల్లలకు చదువు చెప్పి రిటైరైనదాన్ని కాబట్టి, అలాంటి కాగితాలు ఎందుకు రాస్తారో, వాటిలో రాయకుండా వదిలేసేదేమిటో నాకు కొంత తెలుసు.

ముందు ఒక పెన్ను తీసుకుని కూర్చో. ప్రతి రూలు పక్కనా అది ఎవరి పనో రాయి: స్కూలుదా, మీ ఇద్దరిదా, పాపదా. పాప పేరు పక్కన మిగిలేవి నాలుగే నాలుగు. పొద్దున లేపితే లేవడం, టీచర్ చెప్పేది వినడం, తన వస్తువులు తను సర్దుకోవడం, ఆకలేసినా బాత్రూమ్ వచ్చినా ఎవరైనా ఏడిపించినా నోరు తెరిచి చెప్పడం. తక్కినవన్నీ పెద్దల పనులే. కానీ పెద్దలు మరిచిపోయినదానికి క్లాసులో నలుగురి ముందు నిలబడేది పిల్ల. డైరీ మీద సంతకం లేకపోయినా, ఐడీ కార్డు ఇంట్లో ఉండిపోయినా, గేటు మూశాక చేరినా తల దించుకునేది పాపే. నేను ఈ ఉత్తరంలో చెప్పేదంతా ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది.

మొదటిది, పేరు. అడ్మిషన్ రిజిస్టర్‌లో ఇవాళ ఏ స్పెల్లింగ్ రాస్తారో అదే పదో తరగతి మెమో దాకా నడుస్తుంది. బర్త్ సర్టిఫికెట్‌లో ఒక రకంగా, ఆధార్‌లో ఇంకో రకంగా ఉన్న పేర్లు నేను ఎన్ని చూశానో. ఇంటిపేరు ముందా వెనకా, పూర్తిగా రాయాలా పొడి అక్షరమా, తల్లి పేరు పుట్టింటి ఇంటిపేరుతోనా మెట్టినింటిదానితోనా, ఇవన్నీ మీ ఇద్దరూ కూర్చుని ఒక్కసారి తేల్చుకోండి. పుట్టిన తేదీ కూడా రెండు కాగితాల్లోనూ ఒకటే ఉండాలి. తేడా ఉంటే ఇప్పుడే దిద్దించండి. ఇప్పుడు ఒకటి రెండు రోజుల తిరుగుడు. పదో తరగతి మెమో చేతికొచ్చాకైతే ఆఫీసుల చుట్టూ నెలలు.

రెండోది, టైము. తెలంగాణలో బడులు మామూలుగా జూన్ 12కి తెరుస్తారు. సరిగ్గా అప్పుడే వానలూ మొదలవుతాయి. సిద్దిపేటలో పది నిమిషాల దారి ఇక్కడ పది నిమిషాల్లో అవుతుందనుకోకు. పొద్దున ఎం.జి. రోడ్డు మీద ఆఫీసుల వాళ్లు, రాణిగంజ్ వైపు పైపులూ మోటార్లూ దించే ట్రాలీ ఆటోలు, పారడైజ్ దగ్గర సిగ్నల్. వాన పడితే ఇవన్నీ ఒక్కచోట ఆగిపోతాయి. బడి తెరవకముందే ఒక పనిదినం పొద్దున, స్కూలు వేళకే, పాపను తీసుకుని ఆ దారిన ఒకసారి నడిచి రండి. ఎంత సేపు పడుతుందో, ఎక్కడ రోడ్డు దాటాలో తెలుస్తుంది. మన పేట పేరులో ఉన్న దివాన్ బహదూర్ సేఠ్ లక్ష్మీనారాయణ్ రాంగోపాల్ గారు ఇచ్చిన గడియారమే సికింద్రాబాద్ క్లాక్ టవర్ మీద ఉంది. 1897 ఫిబ్రవరి 1న దాన్ని ప్రారంభించారు. ఊరంతటికీ గడియారం ఇచ్చిన మనిషి పేటలో ఉంటూ రోజూ లేటంటే బాగుండదు కదా!

ఆటో మాట్లాడుకునేటట్టయితే డ్రైవర్ ఎంతమంది పిల్లల్ని ఎక్కిస్తాడో ముందే అడుగు. ముందు సీట్లో డ్రైవర్ పక్కన కూర్చోబెట్టనని మాట తీసుకో. సాయంత్రం పాపను తీసుకెళ్లేది ఎవరో స్కూల్లో పేరు, ఫోన్ నంబరుతో రాసివ్వాలి. ఆ మనిషి కాకుండా ఇంకెవరైనా వస్తే పంపరు. ఎండలో గేటు దగ్గర నిలబెట్టారని తాతయ్య కోపం తెచ్చుకున్నా, ఆ రూలు మన పిల్ల కోసమే పెట్టిందని నచ్చజెప్పు.

మూడోది, డబ్బు. ఏడాది మొత్తానికి ఎంతవుతుందో, ఏ టర్మ్‌కు ఏ తేదీలోగా కట్టాలో ఒకేసారి అడిగి కాగితం మీద రాసుకో. పుస్తకాలు, యూనిఫాం, బెల్టు, శనివారం తెల్ల బూట్లు, యాన్యువల్ డే ఖర్చులు వేరే ఉంటాయి. ప్రతిదానికీ రసీదు తీసుకో. ప్రైవేటు బడుల్లో 25 శాతం ఉచిత సీట్ల సంగతి అల్లుడు అడిగాడు. 2009 విద్యాహక్కు చట్టంలో అది ఉన్న మాట నిజమే. అయితే ఆ చట్టం మైనారిటీ విద్యాసంస్థలకు వర్తించదని సుప్రీంకోర్టు 2014లో ప్రమతి కేసులో తీర్పు ఇచ్చింది. కాథలిక్ స్కూళ్లు మైనారిటీ సంస్థలు కాబట్టి ఆ దారి లేదు. ఎప్పుడైనా చేతిలో డబ్బు ఆడకపోతే గడువు దాటే దాకా మౌనంగా ఉండొద్దు. ముందే వెళ్లి కరస్పాండెంట్‌ను కలిసి గడువు అడగండి. అడగడానికి సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ఫీజు మాట పాప చెవిన పడకుండా చూడండి, అంతే.

బ్యాగు సంగతి. ఒకటి, రెండు తరగతుల పిల్లల బ్యాగు కిలోన్నర, మూడు నుంచి ఐదు వాళ్లది రెండు నుంచి మూడు కిలోలు దాటకూడదని తెలంగాణ ప్రభుత్వం 2017లోనే ఉత్తర్వు ఇచ్చింది. రోజూ రాత్రి టైం టేబుల్ చూసి, మర్నాటికి కావాల్సినవే పెట్టు. నిండా నీళ్లు పోసిన లీటరు సీసా ఒక్కటే కిలో తూగుతుంది, చిన్న సీసా కొను. టిఫిన్ డబ్బా, సీసా, రెయిన్‌కోటు, అన్నిటి మీదా పేరు రాయి. బూట్లు కూడా మరిచిపోకు. క్లాసులో అందరివీ ఒకే రకం. టిఫిన్ డబ్బా మూత పాప తనంతట తను తీయగలదో లేదో ఇంట్లోనే చూడు. మూత రాక అన్నం తినకుండా ఇంటికెళ్లే పిల్లలు మొదటి వారంలో ప్రతి ఏడూ ఉంటారు.

ఇక మీ అత్తగారు గట్టిగా పట్టుకున్న విషయం, ప్రార్థన. ఉన్నదున్నట్టు చెబుతా. కాథలిక్ స్కూల్లో ఉదయం అసెంబ్లీలో ప్రార్థన ఉంటుంది, గోడ మీద సిలువ ఉంటుంది, మరియమ్మ బొమ్మ ఉంటుంది. కాథలిక్ పిల్లలకు ఒక పీరియడ్ కేటకిజం, అంటే వాళ్ల మతబోధ. ఆ టైములో తక్కిన పిల్లలకు మోరల్ సైన్స్. ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఏ బడిలోనైనా తల్లిదండ్రుల సమ్మతి లేకుండా పిల్లల్ని మతబోధకు గానీ ప్రార్థనకు గానీ కూర్చోబెట్టకూడదని మన రాజ్యాంగం 28వ అధికరణం మూడో క్లాజులో ఉంది. మీకు అభ్యంతరం ఉంటే మర్యాదగా రాసివ్వండి. లేకపోతే, పాప ఇంటికొచ్చి ఆ పాట పాడినప్పుడు ఎవరూ కసరొద్దు. పొద్దున మెచ్చుకున్న పనికి సాయంత్రం తిట్లు తింటే ఆరేళ్ల పిల్లకు ఏది తప్పో తెలియక భయపడుతుంది.

ఈ బడులు మన ఊళ్లోకి నిన్న మొన్న వచ్చినవి కావు. 1806లో ఇక్కడ దండు వెలిసింది. దానితో పాటు ఐర్లండ్ నుంచి కాథలిక్ సిపాయిలూ వచ్చారు. ఎస్.డి. రోడ్డులోని సెయింట్ మేరీస్ చర్చి 1850లో కట్టింది. సెయింట్ ఆన్స్ సిస్టర్లు ఇటలీలోని ట్యూరిన్ నుంచి 1871లో సికింద్రాబాద్ చేరి ఆడపిల్లలకు బడి పెట్టారు. అప్పటి నుంచి లష్కర్, అంటే మన సికింద్రాబాద్ ఇళ్లలో హిందువుల, ముస్లింల, పార్సీల, సింధీల ఆడపిల్లలు ఎంతమంది ఆ గేట్ల లోపలే చదువుకున్నారో. వాళ్లలో ఎక్కువమంది ఇంటి దేవుణ్ని వదల్లేదు, బడిని మరవలేదు. ఈ మాట మీ అత్తగారికి నా మాటగా చెప్పు.

బొట్టు, గాజులు, గోరింటాకు సంగతి మాత్రం సర్క్యులర్‌లో ఏముందో చూసి, లేకపోతే మొదటి మీటింగ్‌లోనే అడుగు. ఆషాఢంలో లష్కర్ బోనాలు వస్తాయి. ఉజ్జయిని మహంకాళి గుడి మనకు అల్లంత దూరంలోనే. ఆ ఆదివారం గోరింటాకు పెట్టుకోని ఆడపిల్ల ఉంటుందా ఈ చుట్టుపక్కల! రాఖీ, బొట్టు, గోరింటాకు పెట్టుకొచ్చారని పిల్లల్ని శిక్షించకుండా చూడమని జాతీయ బాలల హక్కుల కమిషన్ 2023 ఆగస్టులో రాష్ట్రాలకు లేఖ రాసింది. అది మనసులో పెట్టుకో. అయినా మాట్లాడాల్సింది నువ్వూ టీచరూ. పాప చేతులు వెనక్కి దాచుకుని క్లాసులో కూర్చునే పరిస్థితి రానీయకు.

సెలవుల విషయంలో ఒక తేడా ఉంది, ముందే చెబుతున్నా. బతుకమ్మ, దసరా సెలవులు అందరితో పాటే. మన రాష్ట్ర అకడమిక్ క్యాలెండర్‌లో మిషనరీ స్కూళ్లకు క్రిస్మస్ సెలవులు ప్రత్యేకంగా ఇస్తారు. తక్కిన బడులకు సంక్రాంతికి ఎక్కువ రోజులు దొరుకుతాయి. కాబట్టి సంక్రాంతికి వారం రోజులు ఊళ్లో ఉందామని ఇప్పుడే మీ అమ్మకు మాటివ్వకు. డైరీలో సెలవుల జాబితా చూశాకే టికెట్లు చేయించుకోండి. ఆగస్టు 15 జెండా పండుగే కాదు, మరియమ్మ మోక్షారోపణ పండుగ కూడా. సెయింట్ మేరీస్ చర్చి ఆ తల్లి పేరు మీదే ఉంది. ఆ రోజు ఇటువైపు జనం ఎక్కువగా ఉంటారు, కొంచెం ముందే బయలుదేరండి.

చదువు గురించి నువ్వు అసలు భయపడొద్దు. ఇంట్లో ఇంగ్లిష్ మాట్లాడలేనని బాధపడుతున్నావట. తెలుగులోనే మాట్లాడు బిడ్డా, కథలు చెప్పు, కూరగాయల బేరం వినిపించు. ఒక భాషలో మాట నిండుగా వచ్చిన పిల్లకు రెండోది తొందరగా వస్తుంది. క్లాసుల్లో నేను చూసింది ఇదే. 2018లో వచ్చిన చట్టం ప్రకారం తెలంగాణలో ఏ సిలబస్ బడైనా తెలుగు నేర్పాల్సిందే, కాబట్టి ఆ పుస్తకాన్నీ చిన్నచూపు చూడకు. రోజూ రాత్రి పాపతో పాటు కూర్చుని డైరీ చదివి సంతకం పెట్టు. ఆ పని అల్లుడూ వంతు వేసుకోవాలి. రాణిగంజ్ కొట్టు మూసి వచ్చేసరికి రాత్రవుతుందంటాడేమో, పొద్దున చూడమను. ఎఫ్‌ఏ-1 మార్కులు వచ్చినప్పుడు పక్కింటి పిల్లతో పోల్చారంటే నేను ఊరుకోను.

ఏదైనా ఇబ్బంది వస్తే ముందు క్లాస్ టీచర్ దగ్గరికి వెళ్లు, అక్కడ తేలకపోతే హెచ్.ఎం. సిస్టర్, ఆ తరువాత కరస్పాండెంట్. నేరుగా పై మెట్టుకు ఎక్కావంటే మళ్లీ కింది మెట్టుకే పంపుతారు. సిస్టర్లకు వాళ్ల సభ వాళ్లు కొన్నేళ్లకోసారి ట్రాన్స్‌ఫర్లు చేస్తారు. ఈ ఏడాది హెచ్.ఎం. మాట ఇచ్చారని నిశ్చింతగా ఉండకుండా ముఖ్యమైనది ఏదైనా కాగితం మీద రాసిచ్చి నకలు దాచుకో. తల్లుల వాట్సాప్ గ్రూపులో వచ్చే మాటను టీచర్‌ను అడక్కుండా నమ్మకు. జ్వరం వస్తే మాత్ర వేసి పంపొద్దు, లీవ్ లెటర్ రాయి. డెంగీ రోజుల్లో దాచిపెట్టి పంపితే మన పిల్లకూ ముప్పే.

రూల్స్ అన్నీ మనకే ఉంటాయనుకోకు. పిల్లను కొట్టడం, మనసు నొచ్చేలా వేధించడం కూడదని విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ చెబుతుంది. మైనారిటీ బడి కాబట్టి ఈ చట్టం మాకు లేదని ఎవరైనా అంటే, కొట్టే హక్కు ఏ మైనారిటీకీ రాజ్యాంగం ఇవ్వలేదని చెప్పు. పాప రాత్రి పక్క తడిపినా, ఒక్కసారిగా బడికి పోనని మొండికేసినా కారణం మెల్లగా అడుగు. ఎవరు ఎక్కడ తాకితే తప్పో, అప్పుడు గట్టిగా అరిచి వచ్చి చెప్పాలని బడి తెరవకముందే నేర్పు. చైల్డ్ హెల్ప్‌లైన్ నంబరు 1098, ఫ్రిజ్ మీద రాసి అంటించు.

జూన్ మొదటి వారంలో సామాను దించుకోగానే నా దగ్గరికి రండి. యూనిఫాం గుడ్డకు జనరల్ బజారుకు నేను తీసుకెళ్తా. ఆ రోజు సర్క్యులర్ ప్రింటు కూడా తీసుకురా. ఎవరి పని ఏదో నువ్వు రాసుకున్నది చూస్తా. పాప పేరు పక్కన నాలుగింటికి మించి ఉంటే కొట్టేయిస్తా. స్కూలు అడిగినవి వేళకు చేసి పెట్టండి, మీకు అర్థం కానివి వెంటనే అడగండి. మీ పనుల బరువు మాత్రం ఆ పిల్ల నెత్తిన పెట్టకండి.

అల్లుడికి ఆశీస్సులు, పాపకు ముద్దులు.

ఇట్లు
మీ పెద్దమ్మ