ఇ-గ్రామస్వరాజ్ లెక్కలలో బిల్లుల చెల్లింపు నమోదు

పంచాయతీకి సరకు ఇచ్చిన వర్తకుడు గాని, పని చేసిన మేస్త్రీ గాని బిల్లు తెచ్చి ఇచ్చిన దినము ఒకటి. అతనికి సొమ్ము అందిన దినము మరియొకటి. ఈ రెండు దినముల నడుమ ఒక్కొక్కప్పుడు నెలలు గడచును. పంచాయతీ లెక్కలలో కలుగు చిక్కులు పెక్కు ఈ నడిమి కాలముననే పుట్టుచున్నవి. ఇది కార్యదర్శి పని, మనకేల యని కొందరు సభ్యులు తలంచుట కలదు. కాని ఖర్చును ఆమోదించుచు తీర్మానము చేయువారు సభ్యులే గదా!

పంచాయతీలు ఏ తీరున లెక్కలు వ్రాయవలెనో 2009లో కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్, కేంద్ర పంచాయతీరాజ్ మంత్రిత్వశాఖ కలిసి ఒక నమూనా విధానమును ఏర్పరచినవి. దానిని కంప్యూటరులో నడపుటకై ప్రియాసాఫ్ట్ అను సాఫ్ట్‌వేరు వచ్చినది. పిమ్మట 2020 ఏప్రిల్ 24న ఇ-గ్రామస్వరాజ్ ప్రారంభమై, ప్రణాళిక, పనుల ప్రగతి, లెక్కలు అన్నియు ఒకేచోట చేరినవి.

ఇందు వోచర్లు నాలుగు విధములు. వచ్చిన సొమ్ముకు రాబడి వోచరు, ఇచ్చిన సొమ్ముకు చెల్లింపు వోచరు. నగదును బ్యాంకులో జమకట్టినను, ఒక ఖాతానుండి మరియొక ఖాతాకు మార్చినను కాంట్రా వోచరు. సొమ్ము కదలకుండ పద్దును మాత్రము సవరించునపుడు జర్నల్ వోచరు. మన విషయమునకు వలసినది రెండవది.

ముఖ్యముగ గమనింపదగిన దొకటి కలదు. ఈ విధానము నగదు ప్రాతిపదికపై నడచునది. అనగా సొమ్ము చేతులు మారినపుడే పద్దు పడును. బిల్లు వచ్చి బల్లమీద ఉన్నంతకాలము నగదు పుస్తకము దానిని ఎరుగదు. నగదు పుస్తకమున లక్ష రూపాయల నిలువ చూచి, లక్షయు మన చేతిలోనిదే యనుకొని క్రొత్త పనికి తీర్మానము చేసిన పంచాయతీ, ఎనుబదివేల బాకీ బిల్లులున్న సంగతి తరువాత తెలిసికొని ఇబ్బంది పడును. అందువలననే నమూనా విధానమునందలి ఎనిమిది పట్టికలలో నాలుగవది రావలసిన, ఇయ్యవలసిన మొత్తముల పట్టికయై యున్నది. బిల్లు అందిన నాడే దాని సంఖ్య, తేదీ, ఇచ్చినవారి పేరు, మొత్తము వ్రాసియుంచిననే ఈ పట్టిక సరిగా తయారగును.

ఒక ఉదాహరణము చూతము. మంచినీటి మోటారు మరమ్మతు చేసిన మెకానిక్కు 48,000 రూపాయల బిల్లు ఇచ్చెననుకొందము. ఇట్టి పనికి ఒక్క బిల్లు 30,000 రూపాయలు మించినపుడు ఆదాయపు పన్ను నిమిత్తము వ్యక్తికైనచో నూటికి ఒక రూపాయి మినహాయింపవలెను. నిధులు చాలక పంచాయతీ మొదట 30,000 రూపాయల మేరకే చెల్లించినది. అందు 300 రూపాయలు పన్ను. మెకానిక్కు ఖాతాకు చేరినది 29,700. నమోదు చేయువారు బ్యాంకునుండి పోయిన 29,700 మాత్రమే ఆ బిల్లుకు చెల్లింపుగ చూపినచో, 18,300 బాకీ యున్నట్లు కనబడును. నిజమైన బాకీ 18,000 మాత్రమే. మూడు నెలల తరువాత ఈ 300 రూపాయల తేడా ఎట్లు వచ్చెనో ఎవ్వరును చెప్పజాలరు. అధికముగ చెల్లించుట యైనను జరుగును, లేదా మెకానిక్కుతో తగవైనను వచ్చును. కావున ప్రతి చెల్లింపునందును మొత్తము, మినహాయింపు, నికరము మూడును వేరువేరుగ చూపి, మొత్తమును బిల్లుకు ఎదురుగ తగ్గింపవలెను. రెండవ విడత 18,000లో 180 మినహాయించి 17,820 ఇచ్చినచో బిల్లు తీరిపోవును. మినహాయించిన 480 రూపాయలు పంచాయతీ సొమ్ము కాదు. గడువులోపల ప్రభుత్వమునకు కట్టవలసినది. రెండు వోచర్లపైనను ఒకే బిల్లు సంఖ్య ఉండవలెను. “మోటారు ఖర్చు” అని మాత్రము వ్రాసిన వోచరును ఆడిటరు దేనితో సరిపోల్చగలడు?

ఇ-గ్రామస్వరాజ్‌ను పి.యఫ్.యమ్.యస్. అను కేంద్ర చెల్లింపుల వ్యవస్థతో కలిపినందున, సొమ్ము చెక్కు లేకుండగనే వర్తకుని ఖాతాకు పోవును. ఒకరు వివరములు సిద్ధపరచి పంపగా మరియొకరు పరిశీలించి ఆమోదింపవలెను. ఆమోదము డిజిటల్ కీతో జరుగును. సమాచార సాంకేతిక చట్టము, 2000 ప్రకారము ఈ సంతకము చేవ్రాతతో సమానము. కీని, రహస్య సంఖ్యను రెండింటిని ఒకే మనిషి వద్ద, తరచుగ కంప్యూటరు ఆపరేటరు వద్ద, వదలిపెట్టుట కొన్నిచోట్ల అలవాటైనది. అట్లు చేసినచోట ఇద్దరు చూడవలసిన బిల్లును ఎవ్వరును చూడనట్లే. సర్పంచికి కంప్యూటరు రాకపోవుట తప్పు కాదు. ఆమె యెదుట తెర తెరచి, బిల్లు చదివి వినిపించి, ఆమె చేతితోనే కీ పెట్టింపవచ్చును.

ఇక విఫలమైన చెల్లింపుల సంగతి. వర్తకుని ఖాతా సంఖ్య తప్పైనను, ఖాతా మూసివేయబడినను సొమ్ము తిరిగి వచ్చును. ఆమోదించినంత మాత్రమున చెల్లింపు జరిగినట్లు కాదు. తిరిగి వచ్చిన సొమ్మును లెక్కలలో సరిచేయకయే మరల చెల్లించినచో ఒకే బిల్లు రెండు మారులు ఖర్చు పడును. తిరిగివచ్చినది గమనింపకున్నచో, లెక్కలలో తీరిన బిల్లుకై వర్తకుడు కార్యాలయము చుట్టు తిరుగుచుండును. వాడు చిన్న దుకాణదారుడైనచో, మరుసటి మారు పంచాయతీకి బ్లీచింగ్ పొడియైనను అరువియ్యడు. ప్రతి మాసము చివర బ్యాంకు ఖాతా పట్టికతో నగదు పుస్తకమును సరిచూచుట ఇందులకే ఏర్పడినది.

ఈ లెక్కలు చూచుటకు సభ్యులకు రహస్య సంఖ్య అవసరము లేదు. ఇ-గ్రామస్వరాజ్ వెబ్‌సైటులో తమ పంచాయతీ ఖర్చుల నివేదికను ఎవరైనను తెరచి చూడవచ్చును. సమావేశమునకు పోవుటకు ముందు ఆ నివేదిక, చెల్లింపని బిల్లుల పట్టిక, బ్యాంకు ఖాతా పట్టిక మూడును పక్కపక్కన ఉంచుమని కార్యదర్శిని కోరుడు. పెద్ద మొత్తములు గల రెండు మూడు బిల్లులను తీసికొని, తీర్మానము మొదలు బ్యాంకువరకు వరుసగ వెంబడించి చూచుటకు అరగంట చాలును.