పాతబడిన ట్రాక్టరునకు అదనపు వారంటీ కొనదగునా?

ఎద్దును కొనునపుడు రైతు పండ్లు చూచును, సుడులు చూచును, నడిపించి చూచును. అమ్మువాడు "దీనికి నేను పూచీ" యన్నంత మాత్రమున రొక్కము లెక్కపెట్టి యియ్యడు. ట్రాక్టరు విషయమున మాత్రము పూచీ యను మాట వినగానే పెక్కుమంది నిశ్చింతులగుదురు. కంపెనీవారి గడువు ముగియవచ్చినపుడు, మఱికొంత సొమ్ము చెల్లించినచో ఇంక రెండేండ్లో మూడేండ్లో పూచీ పొడిగింతుమని షోరూమువారు చెప్పుదురు. దీనినే అదనపు వారంటీ యందురు. ఇది కొనదగునా మానదగునా యను విషయమును కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతముల సభ్యుల నిమిత్తము ఇచట విచారింతము.

పోచారము కాలువ క్రింద గాని, బోరుబావి క్రింద గాని నాట్లకు దమ్ము చేయుచుండగా గేరుబాక్సు చెడినచో నష్టము రెండు విధములు. మరమ్మతు ఖర్చు మొదటిది. పని నిలిచిపోయి నారు ముదురుట రెండవది. ఆ తొందరలో చేతిలో సొమ్ము లేనివాడు అధిక వడ్డీకి అప్పు తెచ్చును. ట్రాక్టరు వారములో బాగగును. అప్పు ఏండ్ల తరబడి నిలుచును. కావున ఈ విచారణ కేవలము యంత్రమును గూర్చినది కాదు, ఇంటి అప్పును గూర్చినది.

మొదట ఒక భ్రమ తొలగవలెను. ఇన్సూరెన్సు వేఱు, వారంటీ వేఱు. ప్రమాదము, దొంగతనము, అగ్ని మొదలగువానికి ఇన్సూరెన్సు. దానిలో ఇతరులకు కలుగు హానికి సంబంధించిన భాగము 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము తప్పనిసరి. లోపలి భాగము తనంతట చెడినచో వారంటీ. ఇది ఐచ్ఛికము, ఇది లేకున్న శిక్ష లేదు. ఈ రెంటిలో ఏదియు అరుగుదలకు సాధారణముగా బాధ్యత వహింపదు. క్లచ్చి ప్లేటు, బ్రేకు లైనరు, బెల్టులు, ఫిల్టర్లు, టైర్లు, బ్యాటరీ మున్నగునవి పెక్కు వారంటీలలో మినహాయింపబడును. పాత ట్రాక్టరునకు తఱచుగా ఖర్చు తెచ్చునవి ఇవియే యని గమనింపుడు.

గడువును ఏండ్లతోను, మీటరు గంటలతోను కూడ కొలుతురు. రెంటిలో ఏది ముందు పూర్తియైన అంతటితో పూచీ తీఱును. స్వంత పొలము దున్నుకొను రైతు గంటలు మెల్లగా పెరుగును. ఊరంతటికి కిరాయికి దున్నువాడు, చెఱకు ట్రాలీలు లాగువాడు కాగితముపై మూడేండ్లని చదివినను గంటలు ముందే ముగియవచ్చును. కిరాయి పనికి పూచీ వర్తించునో లేదో వ్రాతలో చూడవలెను.

ఇక లెక్క. ఈ అంకెలు ఉదాహరణకై కల్పించినవి. రెండేండ్ల వారంటీ ధర 15,000 రూపాయలు, దానిపై నూటికి 18 చొప్పున పన్ను 2,700, మొత్తము 17,700. వారంటీలో చేరిన పెద్ద మరమ్మతు 80,000 అనుకొందము. 80,000ను 17,700తో భాగించిన ఇంచుమించు నాలుగున్నర వచ్చును. అనగా అట్టి ట్రాక్టర్లు తొమ్మిదింటిలో రెండైనను ఆ రెండేండ్లలో పెద్ద మరమ్మతునకు వచ్చినగాని రైతుల సొమ్ము రైతులకు తిరిగి రాదు. పదింటిలో ఒకటే చెడినచో పదిమంది చెల్లించినది 1,77,000. తిరిగి వచ్చినది 80,000. షోరూమువారు చెప్పిన ధరతో, నమ్మకమైన మేస్త్రి చెప్పిన ఖర్చుతో ఈ భాగహారము ప్రతి సభ్యుడును స్వయముగా చేసికొనవలెను.

అయినను లెక్క ఒక్కటియే చాలదు. 80,000 రూపాయలు ఒక్కసారి పడినచో బంగారము కుదువ పెట్టవలసినవాడు, తన మనశ్శాంతికై కొంత అధికముగా చెల్లించుట తెలివితక్కువ కాదు. ఇంజను, గేరుబాక్సు, హైడ్రాలికు లిఫ్టు మూడును వ్రాతలో చేరియుండి, సర్వీసులన్నియు సకాలమున జరిగి బిల్లులు భద్రముగా నుండి, మరమ్మతు స్థలము చేరువలో నున్నచో అట్టివాడు కొనవచ్చును. నాట్ల దినములలో బదులు ట్రాక్టరు ఇత్తురా యని కూడ అడుగవలెను. ఇయ్యనిచో రెండవ నష్టమునకు ఆ పూచీ అక్కరకు రాదు.

తక్కినవారికి మేము చెప్పునది వేఱు. ఆ 17,700 రూపాయలను ట్రాక్టరు పేరనే సంఘములో గాని బ్యాంకులో గాని నిలువచేసి, పంటపంటకు కొంత చేర్చుడు. యంత్రము చెడనిచో సొమ్ము మీదే, వడ్డీయు మీదే. టైరునకైనను, క్లచ్చికైనను అదియే అక్కరకు వచ్చును. మొదటి నెలలోనే పెద్ద మరమ్మతు వచ్చినచో నిలువ చాలదు; నిజమే. అప్పుడు లోటుపడిన భాగమునకు మాత్రమే అప్పు కావలెను. 1864లో జర్మనీ దేశమున రైఫైజన్ గారు గ్రామ రైతులకై సహకార పరపతి సంఘము స్థాపించినది ఇట్టి ఆపదలలో వడ్డీవ్యాపారి గడప త్రొక్కకుండుటకే.

ఏ దారి త్రొక్కినను ముందు యంత్రమును పరీక్షింపుడు. గేరు ఆయిలు పాలవలె తెల్లబడినచో దమ్ములో నీరు చొచ్చినదని యెఱుగుడు. ఇంజను బ్రీదరునుండి పొగ దట్టముగా వచ్చినచో రింగులు, లైనర్లు అరిగియుండవచ్చును. బరువు నెత్తిన లిఫ్టు తనంతట దిగుచున్నచో హైడ్రాలికులో లోపము కలదు. పాత గడువు ఇంకను మిగిలియున్నచో వీనిని ఆ గడువులోనే వ్రాతమూలముగా ఫిర్యాదు చేసి బాగుచేయించుకొనుడు. ముందే యున్న లోపమునకు క్రొత్త పూచీ సాధారణముగా వర్తింపదు.

నోటిమాటకు విలువ లేదు. మినహాయింపుల పుట తెలుగులో చదివించుకొని పిమ్మట సంతకము చేయుడు. రసీదు, షరతుల కాగితము, సర్వీసు బిల్లులు ఒక్కచో నుంచుడు. న్యాయమైన కోరికను త్రోసిపుచ్చినచో 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము కలదు. స్వయముగా పనిచేసి జీవనోపాధికై యంత్రమును వాడుకొను రైతును ఆ చట్టము వినియోగదారునిగానే యెంచును. వ్యాజ్యకారణము పుట్టిన రెండేండ్లలోపల జిల్లా కమిషనులో ఫిర్యాదు చేయవలెను. 1915 అను నంబరునకు ఫోనుచేసి సలహా పొందవచ్చును.

కావున సభ్యులారా, షోరూము బల్లయొద్ద తొందరపడకుడు. కాగితము ఇంటికి తెచ్చి, మేస్త్రిని అడిగి, భాగహారము చేసి చూడుడు. మోయజాలని నష్టమునకే పూచీ కొనవలెను. మోయగలిగిన నష్టమునకు స్వంత నిలువయే పూచీ.