గుమ్మం నుంచి గుమ్మానికి ఎన్ని గంటలు?

‘‘దుబాయ్ నాలుగు గంటలే కదండీ’’ అంటుంటారు తాడేపల్లిగూడెం స్టేషన్లో సూట్‌కేసు మీద కూర్చున్న కుర్రాళ్లు. శంషాబాద్ నుంచి లెక్కేస్తే నిజమే. దూరం సుమారు 2,550 కిలోమీటర్లు. కానీ విమానం గూడెంలో ఎగరదు. రెండో ప్రపంచ యుద్ధం నాటి రన్‌వే ఉంది గానీ, దాని మీంచి మనకు టికెట్ ఇచ్చేవాళ్లు లేరు. రాత్రి గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కాలి, తెల్లారి సికింద్రాబాద్‌లో దిగాలి, అక్కణ్నుంచి ఎయిర్‌పోర్టుకు గంట పైనే. మూడు గంటల ముందే వరసలో నిలబడాలి. అటు దిగాక ఇమిగ్రేషన్, సామాను, క్యాంపు బస్సు. మొత్తానికి ఒక రోజు పోతుంది. సెలవు చీటీలో రాసుకోవాల్సింది ఆ రోజునే.

టికెట్ మీద ఏ ఊరి టైము ఆ ఊరిదే. తెల్లవారుజామున 4కి బయల్దేరి 6.30కి దుబాయ్ చేరుతుందని ఉంటే రెండున్నర గంటలనుకోకండి. దుబాయ్ మనకంటే గంటన్నర వెనక, కువైట్ రెండున్నర గంటలు వెనక. వెళ్లేటప్పుడు ఆ తేడా కలపాలి, వచ్చేటప్పుడు తీసెయ్యాలి. తిరుగు ప్రయాణంలో కాస్త కలిసొస్తుంది కూడా, పైన గాలి తూర్పుకే తోస్తుంది కాబట్టి.

డాలస్‌లో ఉంటున్న ఏలూరు పిల్లల లెక్క వేరు. సూటిగా కొలిస్తే శంషాబాద్ నుంచి 14,400 కిలోమీటర్ల దాకా, ఆ గీత ఉత్తర ధ్రువం పక్కనుంచే పోతుంది. దుబాయ్ మీదుగా అయితే మరో వెయ్యి. మధ్యలో ఆగడంతో కలిపి ఇంచుమించు 24 గంటలు. శుక్రవారం మధ్యాహ్నం అక్కడ ఎక్కినవాళ్లు ఏలూరులో ఇంటి గడప తొక్కేసరికి ఆదివారం. రెండు వారాల సెలవు పెట్టామంటే అందులో మూడు రోజులు రానూపోనూ దారికే.

వానాకాలం ప్రయాణమైతే ఒకరోజు ముందే హైదరాబాద్ చేరండి. 2024 సెప్టెంబర్ 1న హైదరాబాద్ దారిలోనే, కేసముద్రం దగ్గర వరదకు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయి రైళ్లు ఆగిపోయాయి. కొల్లేటి పల్లెల వాళ్లకు చెప్పక్కర్లేదు, వాళ్లకు ఇంటి ముందు రోడ్డే మునుగుతుంది. లాడ్జిలో ఒక రాత్రి అద్దె, కొత్త టికెట్ ముందు ఏపాటి?

ఏలూరుకు గన్నవరం ఎయిర్‌పోర్టు దగ్గర, నలభై అయిదు కిలోమీటర్లే. అక్కణ్నుంచి మారి వెళ్లేటట్టయితే మొత్తం ఒకే టికెట్‌గా కొనండి. మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పితే ఇంకోదానిలో ఎక్కించే బాధ్యత వాళ్ల మీద ఉంటుంది. విడివిడిగా కొంటే నష్టం మీదే.

ఇక అర్ధరాత్రి విమానాలు. 10వ తేదీ 00.30 అని ఉంటే 9వ తేదీ రాత్రి తొమ్మిదిన్నరకే ఎయిర్‌పోర్టులో ఉండాలి. అంటే గూడెంలో 9వ తేదీ పొద్దున్న బండే ఎక్కాలి. మా ఇంట్లోనే ఒకరు 10న రాత్రి శుభ్రంగా భోంచేసి, తీరిగ్గా గౌతమి ఎక్కారు.